ఒక్క రోజులో నేర్చిన పేరు

మంగళవారం, పోటు నీరు

వినికిడి గదిలో రాసే ఈ చిట్టాలో నీటిలో వినిపించినవే రాయాలట, ఇంటి గొడవలు రాయకూడదట. ఈలల ఆఫీసు జగ్గారావు గారు పోయిన వారం కూడా మెత్తగా చెప్పి వెళ్లారు. అలాగే బాబూ అన్నాను. కానీ నీటిలో వినిపించేది మా ఇంటి సంగతే అయితే నేనేం చేసేది? రాస్తాను. చదివేవాళ్లు తిట్టుకుంటూ చదువుకోండి.

ఈ రోజు మా అమ్మాయి పోలేశ్వరికి ఈల పెట్టారు.

పొద్దున్నే గది నేలలో ఉన్న కన్నం మూత తీసి, నీటి మైకుకి పట్టిన నాచు గోరుతో గీకి, కిందకి వదిలాను. హెడ్‌ఫోన్ మీది ఉప్పు కొంగుతో తుడిచి చెవులకి తగిలించుకున్నాను. కింద డాల్ఫిన్లు అప్పటికే పిలుచుకుంటున్నాయి. వాటిలో ప్రతిదానికీ సొంత ఈల ఒకటి ఉంటుంది, అదే దాని పేరు. విడిపోయినప్పుడు నేనిక్కడున్నానని తన పేరు తను చెప్పుకుంటుంది. ఇంకోదాన్ని వెతకాల్సి వస్తే ఆ రెండోదాని పేరు పలుకుతుంది. నా చెవులకి ఇన్నేళ్లుగా ఇదే పని, ఎవరు ఎవరిని పిలుస్తున్నారో వినడం.

నీళ్ల మీద తేలే మా తెప్పలపేటలో మునకపని చేసే, అంటే కిందకి దిగి పనికొచ్చేవి ఏరుకొచ్చే, ప్రతి మనిషికీ అలాంటి పేరొకటి ఉండి తీరాలి. కింద మునిగిపోయిన పట్నంలో నీళ్లు టీ నీళ్లలా ఉంటాయి, చాచిన చెయ్యి కనపడదు. నడుముకి తాడు కట్టుకుని దిగితే విరిగిన స్లాబుల చువ్వలకి చుట్టుకుని అక్కడే పట్టేస్తుంది. దారి తెలిసినవి డాల్ఫిన్లే. పడవలోని పెట్టె నుంచి మనిషి ఈల వినిపిస్తే అవి ఆ పేరు పలుకుతూ వెళ్లి, మనిషిని వెతికి, వీపు రెక్క పట్టుకోనిచ్చి, పడవ పక్కన తెచ్చి దింపుతాయి. పేరు తెలియని మనిషిని అవి పట్టించుకోవు. తప్పించుకుని పోతాయి.

ఈల కట్టడం మేనత్త హక్కు. నోటితో కట్టి, రోజూ ఈ కన్నంలోకి వినిపించి, డాల్ఫిన్లలో ఏదో ఒకటి తిరిగి పలికేదాకా నెలల తరబడి ఎదురుచూడాలి. మా ఆయన ఎల్లాజీ పేరు అవి నేర్చేసరికి ఒక వర్షాకాలం గడిచిపోయింది. ఈ ఏడాది ఆఫీసులోకి ఈలలు కట్టే యంత్రం వచ్చింది. మా ఆడపడుచు గురమ్మ వదిన మొహం ముడుచుకుని మూల కూర్చుంది. జగ్గారావు గారు మీట నొక్కారు. సన్నగా లేచి, మధ్యలో వంగి, చివర్లో మళ్లీ పైకి పోయే ఈల. బాగుంది, కాదనను.

మధ్యాహ్నం పాటుకి నీరు తీయడం మొదలవక ముందే కింద నుంచి అదే ఈల తిరిగొచ్చింది.

నేను ఎగిరి గంతేశాను. హెడ్‌ఫోన్ తీగ పీక్కుపోయింది. "ఒలమ్మో, పలికినాదే! పోలీ, నీ పేరు పలికినాదే!" అని అరిచాను. పేటంతా గుమిగూడింది. ఒక్క రోజులో పేరు నేర్పించుకున్న పిల్ల మా తాతల కాలం నుంచీ లేదు. ఎల్లాజీ ఇంట్లో ఉన్న బెల్లమంతా పంచిపెట్టేశాడు. గురమ్మ వదిన కూడా చివరికి లేచొచ్చి దాని బుగ్గ నిమిరి, "గంగమ్మ తల్లికి ముందే తెలుసునేమోలే నువ్వు" అంది. నాకూ అలాగే అనిపించింది. ఎంత మురిసిపోయానో రాయడానికి సిగ్గేస్తోంది.


శుక్రవారం, పాటు నీరు

పోలి మొదటి మునక. పాత ఆసుపత్రి భవనంలో రాగి తీగ లాగే పని. నేను వినికిడి గదిలో, వాళ్ల నాన్న పడవలో.

పడవ మీంచి దాని ఈల మోగింది. డాల్ఫిన్లు అందుకున్నాయి. అందరికంటే ముందు అందుకున్నది గంట్లమ్మ. ఆఫీసు వాళ్లకి చెబుతున్నాను, వీపు రెక్క మీద వల తాడు కోసిన గంట్లు ఉన్నందుకు మేం పెట్టుకున్న ముద్దుపేరు అది, దాని అసలు పేరు దాని ఈలే. పెద్ద ఆడది. ఈ మందలో దాని మాటకి ఎదురు లేదు.

పోలి పైకి వచ్చింది. కానీ పడవ పక్కన కాదు, బాగా అవతల, బయటి సముద్రం వైపు. ఎల్లాజీ తెడ్డు వేసుకుంటూ వెళ్లి ఎక్కించుకోవాల్సి వచ్చింది.

"ఏటే అంత దూరం తేలినావు?" అని ఇంటికొచ్చాక అడిగాను.

"నాకేటి తెలుసమ్మా. గంట్లమ్మ తీసుకెల్లినాది, ఎల్లినాను. ఎంత మెల్లగా తీసుకెల్లినాదో తెలుసా!"

ఎల్లాజీ అన్నం కలుపుకుంటూ నవ్వాడు. "నూకాలూ, నీ ఉద్యోగం పోనాదే. మన గుంటకి రెండో అమ్మ దొరికినాది."

నేను కూడా నవ్వాను. పులుసు వడ్డించాను. కానీ ఆ మాట ఎందుకో లోపల ముల్లులా ఉండిపోయింది.


సోమవారం, పోటు నీరు

ఈ రోజు ఇంకా దూరం. మునకపనికి హద్దుగా నీళ్ల మీద తేలేసిన డబ్బా దాటి అవతల తేల్చింది.

పోలి సంబరంగా చెబుతోంది, రెక్క పట్టుకోవడం కూడా అక్కర్లేదట. గంట్లమ్మ తన పొట్ట కింద, తోకకి కాస్త ముందు దానికి చోటు చూపించిందట. అక్కడ ఉంటే కాళ్లు ఆడించకుండానే నీళ్లే లాక్కుపోతాయట. "ఒంట్లో బరువే ఉండదమ్మా. అలగే పడుకుండిపోవాలనిపిత్తాది."

"పడుకుంటే సచ్చిపోతావు. నీ సిలిండర్లో గాలి సముద్రమంత లేదు," అన్నాను.

"నీకన్నీ అపశకునాలే!"

"అవునే, నేను అపశకునం పక్షినే. ఇంకోసారి హద్దు దాటినావంటే కాళ్లు ఇరగ్గొడతాను."

అది చివాలున లేచి బయటి చెక్కల మీదకి వెళ్లి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఎల్లాజీ నన్ను చూసి కళ్లతోనే ఊరుకోమన్నాడు. ఈ మనిషికి కూతురి దగ్గర ఎప్పుడూ మంచివాడినని అనిపించుకోవాలి. చెడ్డదాన్ని నేనే కావాలి.

ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. పోలి కింద ఉన్నంతసేపూ గంట్లమ్మ ఒకే ఈల విడవకుండా పలుకుతోంది. అది పోలి పేరు కాదు, దాని సొంత పేరు. ఊపిరి సలపకుండా నేను, నేను, నేను అని. డాల్ఫిన్లు అలా ఎప్పుడు చేస్తాయో నాకు తెలుసు. ఈనిన కొత్తలో, పక్కనున్న పసిదానికి అమ్మ గొంతు గుర్తుండిపోవాలని చేస్తాయి. ఇంకెప్పుడూ అలా చేయగా నేను వినలేదు.

ఒక చేత్తో హెడ్‌ఫోన్ పట్టుకుని వింటూనే ఇది రాస్తున్నాను. అక్షరాలు సరిగ్గా లేకపోతే క్షమించండి.


బుధవారం, పాటు నీరు

అనుమానం పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు. పోలి ఈ గది పక్కనే ఉన్న మా వంటింట్లో చేపలు తోముతోంది, పొలుసులు ఎగిరి పడుతున్న చప్పుడు నాకు గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉంది. అప్పుడు కన్నంలోకి దాని ఈల వదిలాను. ఒకే ఒక్కసారి.

గంట్లమ్మ వచ్చింది. ఎంత దూరం నుంచి వచ్చిందో, వస్తూనే ఉన్న చప్పుడు పెద్దదవుతూ వచ్చి కన్నంలో మూతి పైకి పెట్టి ఆగింది. నోట్లో బతికున్న చేప. కొరకలేదు, మింగలేదు, పళ్ల మధ్య మెత్తగా పట్టుకుని పైకి చూస్తోంది. పసిదానికి వేట నేర్పేటప్పుడు అలా తెస్తాయి. నేను కదల్లేదు. చేపని వదిలేసింది. నోరు తెరిచి అక్కడి నీళ్లు రుచి చూసుకుంది, మళ్లీ చూసుకుంది, పక్కకి తిరిగి మళ్లీ చూసుకుంది. తన వాళ్లని అవి రుచితోనూ గుర్తుపడతాయి. అక్కడ దానికి కావలసిన రుచి లేదు. అయినా వెళ్లలేదు.

నేను మూత వేసేసి గురమ్మ వదిన ఇంటికి పరిగెత్తాను. ఏళ్ల తరబడి మునిగి మునిగి వదినకి చెవులు పోయాయి. గట్టిగా చెప్పాల్సి వచ్చింది, దాంతో నాకే ఏడుపొచ్చింది. చేప సంగతి వినగానే వదిన చేతిలోని వల పక్కన పెట్టేసింది.

"గంట్లమ్మ పిల్ల సచ్చిపోనాది కదే, పెద్దగాలి వచ్చిన ఏడాది. మన వల్లోనే సిక్కుకుని. గ్నాపకం నేదా? కుళ్లిపోయినా వదల్నేదు, ముక్కు మీద ఎట్టుకుని పేట సుట్టూరా తిరిగినాది. మనవంతా ఇళ్లల్లోకి ఎల్లి తలుపులు ఏసుకున్నాం సూడనేక."

జ్ఞాపకం లేకపోవడమేమిటి. ఆ పిల్ల ఈల కూడా నేను విన్నాను. పసిపిల్లల ముద్దమాటల్లా ఉండేది, సగంలో తెగిపోయేది, చివర వణికేది. సన్నగా లేచి, మధ్యలో వంగి... ఆ వణుకు తీసేస్తే, తెగినచోట అతుకు వేస్తే, అది మా పోలి పేరే. ఒక్క రోజులో నేర్చుకోవడమేమిటి, వాటికి తెలిసిన పేరే మేం కొత్త పేరని వినిపించాం. వినిపించి బెల్లం పంచుకున్నాం.

అక్కణ్నుంచి తిన్నగా ఆఫీసుకి వెళ్లాను. జగ్గారావు గారు కుర్చీ వేశారు, నేను కూర్చోలేదు.

"మీ యంత్రం ఈలలు ఎక్కడి నుంచి తెత్తాది బాబూ?"

"తేవడం కాదమ్మా, తయారుచేస్తుంది. పాత రికార్డింగులు దానికి పెట్టాం కదా. అందులో ఇప్పుడు వాడకంలో లేని ఈలలు ఏరుకుని, గరగర తీసేసి, సాపు చేసి ఇస్తుంది. పూర్తిగా కొత్తవైతే డాల్ఫిన్లు నేర్చుకోవడానికి నెలలు పడుతోంది మరి."

"వాడకంలో లేనివంటే సచ్చిపోయినోల్లవి కాదేటి?"

చెడ్డవాడు కాదు, ఆయన కూతురికి కూడా వచ్చే నెల ఈల పెట్టాలి. మొహం పాలిపోయింది. "నేను ఆ కోణంలో ఆలోచించలేదు నూకాలమ్మా," అన్నారు. తిడదామని వెళ్లినదాన్ని తిట్టలేక తిరిగొచ్చాను.


గురువారం

పేటలో ఈల మార్చడమంటే చిన్న సంగతి కాదు. పాత పేరు మూసేయాలి. ఇంటివాళ్లంతా నీటి ఒడ్డున నిలబడి, చివరిసారి దాన్ని వినిపించి, ఆ తర్వాత ఎవరూ ఎప్పుడూ పలకకూడదు. పోయినవాళ్లకి చేసే పనే. బతికున్న పిల్లకి అది చెయ్యాలంటే ఎల్లాజీకి కాళ్లూ చేతులూ ఆడలేదు. నేను గట్టిగానే నిలబడ్డాను.

పోలి ఏడ్చింది, అరిచింది, చివరికి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అది నన్నేటీ సెయ్యదమ్మా."

"సెయ్యదు. నాకూ తెలుసు. సొంత పిల్లకి అపకారం సెయ్యదు. కానీ దాని పిల్ల గాలి పీల్సడానికి ఎప్పుడు పైకి పోవాలో అది సూసుకుంటాది. నీ సిలిండర్ సంగతి దానికేటి తెలుసే? నిన్ను దాచుకుంటాది. దాచుకుని సంపేత్తాది."

అది ముక్కు చీదుకుని నా కొంగు పట్టుకుంది. తర్వాత, "ఒక్కసారి దిగుతాను. దానికి సెప్పి వత్తాను. సెప్పకుండా మాయమైపోతే మల్లీ ఎతుక్కుంటాది కదమ్మా. ఒకసారి ఎతుక్కున్నాది సాలదా?" అంది.

ఎల్లాజీ కళ్లు తుడుచుకున్నాడు. నేను వద్దన్నాను. ముమ్మాటికీ వద్దన్నాను. కానీ తండ్రీ కూతుళ్లు ఒకటైతే ఈ ఇంట్లో నా మాట సాగిందెప్పుడు? చివరికి ఒక షరతు పెట్టాను. పడవలో నేనూ ఉంటాను, నీటి మైకు నాతో ఉంటుంది.


శనివారం, పోటు నీరు

నిన్న రాయలేకపోయాను. ఈ రోజు రాస్తున్నాను, నా పిల్ల పక్కనే పడుకుని ఉంది, ఊపిరి తీస్తోంది. ముందు అది రాసేస్తేనే మిగతాది రాయగలను.

పాత ఆసుపత్రి మీద పడవ ఆపాం. పోలి దిగింది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. కాసేపు అంతా బాగానే ఉంది, పోలి మెడలో కట్టుకున్న, తన ఈల పలికే డబ్బా మోగుతోంది, గంట్లమ్మ బదులు పలుకుతోంది. వాళ్లిద్దరూ ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు.

పైకి రావాల్సిన వేళకి ఎల్లాజీ పడవ మీంచి దాని ఈల మోగించాడు. నాలుగు వైపుల నుంచీ డాల్ఫిన్లు ఆ పేరు పలికాయి. ఎవరూ దాన్ని తీసుకురాలేదు. మళ్లీ మోగించాడు, మళ్లీ పలికాయి. మందంతా పలుకుతోంది కానీ గంట్లమ్మ దగ్గరున్న పిల్లని తెచ్చే ధైర్యం ఎవరికీ లేదు. తల్లి దగ్గరున్న పిల్లని ఎవరు తెస్తారు?

గంట్లమ్మ ఈల సన్నబడుతోంది. బయటి సముద్రం వైపు పోతోంది. నేను, నేను, నేను. దాని వెనకే నా కూతురి డబ్బా.

"మావా, తీసుకుపోతన్నాది! ఎల్లిపోతన్నాది!"

ఎల్లాజీ ఇంజను తాడు లాగబోయాడు. నేను వెళ్లి అతని చెయ్యి పట్టేసుకున్నాను. ఇంజను మోగితే ఇక ఏదీ వినిపించదు, అవి ఎటు పోయాయో కూడా తెలియదు. "ఒగ్గు నూకాలూ!" అని నన్ను నెట్టేశాడు. నేను వదల్లేదు. ఇన్నేళ్ల కాపురంలో మేం అలా కలబడ్డది లేదు. అతను ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు. పిల్ల ఈల ఎంత మోగిస్తే గంట్లమ్మ అంత గట్టిగా దాచుకుంటుంది, పిల్లకి ఆపద వచ్చిందనుకుంటుంది. ఆ పేరుతో ఇక పని లేదు. మరి ఏ పేరుతో పని ఉంది?

డాల్ఫిన్లని వాటి సొంత పేరుతో మనం పిలవకూడదు. ఈ వినికిడి గదిలో మొదటి రోజు చెప్పే కట్టుబాటే అది. మన అవసరానికి వాటి పేరు వాడితే, ఒకరోజు అబద్ధానికి కూడా వాడతాం, ఆ తర్వాత అవి మనల్ని నమ్మవు. అందుకే పడవ పెట్టెలో మనుషుల ఈలలు తప్ప వాటివి ఉండవు. కానీ గంట్లమ్మ పేరు నేను ఎన్నేళ్లుగా వింటున్నాను! నీళ్లు తోడే గొట్టం పడవలో ఉంది. ఒక కొస నీళ్లలో ముంచి రెండో కొస నోట పెట్టుకున్నాను. పెదాలు ఎండిపోయి గాలి తప్ప ఏమీ రాలేదు. నాలుకతో తడుపుకుని మళ్లీ ఊదాను. తప్పు పలికింది. చచ్చానురా దేవుడా అనుకుని కళ్లు మూసుకుని మళ్లీ ఊదాను.

కింద అంతా ఆగిపోయింది. మంద మొత్తం నోరు మూసుకుంది. నా చెవుల్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

మళ్లీ ఊదాను. గంట్లమ్మా, గంట్లమ్మా, అని దాని మాటలో.

దూరంగా అది బదులు పలికింది. ఒక్కసారి. తర్వాత కొంచెం దగ్గరగా. నేను ఆపలేదు, ఛాతీ నొప్పెట్టినా ఆపలేదు. ఎల్లాజీ ఇంజను వదిలేసి నా వీపు పట్టుకుని కూర్చున్నాడు. తల్లిని పిలిస్తే తల్లి ఒక్కతే రాదు కదా, పక్కన పిల్ల కూడా వస్తుంది. నా ఆశంతా అదే.

వచ్చింది. పడవకి తెడ్డు అందేంత దూరంలో గంట్ల రెక్క తేలింది, దాని పొట్ట కింద నుంచి నా కూతురి చెయ్యి కనిపించింది. ఎల్లాజీ దూకేశాడు. పైకి లాగేసరికి పోలి పెదాలు నీలంగా ఉన్నాయి, సిలిండర్ ఖాళీ. బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిచాం, నీళ్లు కక్కింది, దగ్గింది, నన్ను చూసి "అమ్మా" అంది. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

గంట్లమ్మ పడవ పక్కనే తల పైకి పెట్టి నిలబడి ఉంది. నేనే పిలిచానని దానికి తెలుసు. దాని వంక చూడలేకపోయాను.


ఆదివారం

నెల దాటింది. పేరు మూసేశాం. యంత్రం తీసేశారు. జగ్గారావు గారు దగ్గరుండి దాని తీగ పీకేశారు. గురమ్మ వదిన పోలికి కొత్త ఈల కట్టింది, పొట్టిగా, గరుగ్గా, వదిన మాటలాగే ఉంటుంది. రోజూ పొద్దున కన్నంలోకి వినిపిస్తున్నాను. ఏదీ పలకడం లేదు.

మొదటి వారం గంట్లమ్మ ప్రతి ఇంటి కిందకీ వెళ్లి పాత పేరు పలికింది. పేటంతా చెక్కల మీద అడుగు మెత్తగా వేసి నడిచారు. తర్వాత రావడం మానేసింది. మానేస్తే ఊరట రావాలి కదా. నాకు ఇంకా భయమేసింది.

పోలి మాతో మాట్లాడుతుంది, తింటుంది, వల అల్లుతుంది. కానీ కొత్త ఈల వినిపించినప్పుడు దాని మొహంలో ఏ కదలికా ఉండదు, వేరేవాళ్ల పేరు విన్నట్టు ఉంటుంది. "ఇది నాకు అతకదమ్మా," అంది నిన్న.

"అతుకుతాది. నూకాలు అనే పేరు నాకూ అతకనేదు సిన్నప్పుడు."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.


శుక్రవారం, పాటు నీరు

పదిహేను రోజుల కిందట మందలో ఒక కుర్రది కొత్త పేరు పలికింది. ఆ తర్వాత ఇంకో రెండు. కట్టుబాటు ప్రకారం పోలి దిగొచ్చు. ఈ రోజు దిగింది.

నేను పడవలోనే ఉన్నాను, ఇక ఎప్పటికీ పడవలోనే ఉంటాను, వినికిడి గదికి ఆఫీసు వాళ్లు వేరేవాళ్లని చూసుకోవాలి. పోలి నీళ్లలోకి జారగానే నా చెమటకి హెడ్‌ఫోన్ జారిపోవడం మొదలైంది. వేళ అవగానే ఎల్లాజీ కొత్త ఈల మోగించాడు.

ఏమీ లేదు. మళ్లీ మోగించాడు. ఏమీ లేదు. ఆ కుర్రది ఎక్కడికి చచ్చిందో తెలియదు. ఎల్లాజీ నా వంక చూశాడు, నేను అతని వంక చూడలేదు. మూడోసారి మోగించాడు.

అప్పుడు కింద నుంచి ఎవరో ఆ పేరు అందుకున్నారు. పొట్టిగా, గరుగ్గా, వదిన కట్టింది కట్టినట్టే. గొంతు గుర్తుపట్టగానే హెడ్‌ఫోన్ చెవులకి గట్టిగా అదుముకున్నాను. గంట్లమ్మ.

"ఎవులు?" అన్నాడు ఎల్లాజీ.

నేను చెప్పలేదు. చెబితే ఇంజను తాడు లాగేస్తాడు. గొట్టం చేతిలోకి తీసుకున్నాను. వింటున్నాను. అది తన పేరు పలుకుతుందా అని వింటున్నాను, పలికితే మళ్లీ ఊదాలి. పలకలేదు. కొత్త పేరు ఒక్కటే పలుకుతూ ఆసుపత్రి లోపలికి వెళ్లింది. పోలి డబ్బా బదులు మోగింది. రెండూ కలిసి కదిలాయి. ఎటు? గొట్టం నా చేతిలో వంగిపోతోంది. ఎటు?

మా వైపే.

పడవ పక్కనే తేలింది. పోలి దాని పొట్ట కింద లేదు, అందరిలాగే వీపు రెక్క పట్టుకుని ఉంది. గంట్లమ్మ ఒక్క క్షణం ఆగింది, పిల్ల చెయ్యి వదిలాక మునిగిపోయింది. పడవ మనిషిని పడవ వాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోయింది. ఎల్లాజీ అప్పుడు చూశాడు ఆ గంట్లని. దండం పెట్టాడు.

పోలి పడవ అంచు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను గుర్తుపట్టినాదమ్మా. నేను నేనేనని తెలుసు దానికి. కింద నోరు తెరిచి నా సుట్టూరా నీళ్లు రుసి సూసినాది, తర్వాత రెక్క ఇచ్చినాది."

నేను దాన్ని పైకి లాక్కుని, తల ఒళ్లో పెట్టుకున్నాను. నా పిల్లని నా పిల్లగా తెచ్చి ఇచ్చింది. ఆ తల్లి రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు. హెడ్‌ఫోన్ ఇంకా నా చెవులకే ఉంది, తీయడం మర్చిపోయాను.

బాగా దూరం నుంచి, హద్దు డబ్బా అవతల నుంచి, గంట్లమ్మ గొంతులో పాత పేరు వినిపించింది. సన్నగా లేచి, మధ్యలో వంగి, చివర వణుకుతూ. యంత్రం సాపు చేసింది కాదు, ఆ పసిది పలికినట్టే. ఒక్కసారి పలికి ఆగింది. బదులు కోసం ఎంతసేపు ఆగుతారో అంతసేపూ ఆగింది.

పోలి కళ్లు తుడుచుకుని నా మొహంలోకి చూసింది. "అమ్మా, ఏటైనా వినిపించినాదా?"

"ఏటీ నేదే. తల తుడుసుకో, జలుబు సేత్తాది," అన్నాను.